‘ఇంటర్‌నీసైన్’ – అంతఃకలహానికి ఒక పేరు: పురానాపూల్ నేపథ్యంలో ఒక విమర్శనాత్మక పరిశీలన

పరిచయం

అనువాద తరగతిలో ఒక రోజు హైదరాబాదు పాతబస్తీ అల్లర్లను గురించిన ఒక ఇంగ్లీషు వాక్యాన్ని విద్యార్థులకు ఇచ్చి తెలుగు చేయమన్నాము. పురానాపూల్ చుట్టుపక్కల జరిగిన హింసను ఆ వాక్యం ‘ఇంటర్‌నీసైన్’ అని వర్ణించింది. ఈ మాట సామాన్య సంభాషణలో వినిపించేది కాదు. పత్రికల సంపాదకీయాలలోను, చరిత్ర గ్రంథాలలోను, బైబిలు వ్యాఖ్యానాలలోను తరచుగా కనిపిస్తుంది. విద్యార్థులు మూడు రకాలుగా అనువదించారు. నిఘంటువు చూచినవారు ‘పరస్పర వినాశకరమైన హింస’ అన్నారు. వ్యాఖ్యానాలు చదివే అలవాటున్నవారు ‘అంతర్గత కలహం’ అన్నారు. మిగిలినవారు పదాన్ని ప్రక్కన పెట్టి, పాతబస్తీ అనగానే మనకు నోట వచ్చే మాట, ‘మతఘర్షణ’, అని వ్రాశారు.

ఈ మూడింటిలో ఏది సరియైనది అన్న ప్రశ్నతో మొదలైన చర్చ ఆ గంటలో ముగియలేదు. ఈ వ్యాసం ఆ చర్చకు కొనసాగింపు. ఒక అల్లరికి మనం పెట్టే పేరు, అందులో చనిపోయినవారు మనకు ఏమవుతారో ముందుగానే నిర్ణయిస్తుంది. ఆ పేరును ప్రసంగవేదికమీద పలికే సంఘకాపరి దానిని పరీక్షించకుండా పలుకకూడదు అన్నదే మా ప్రతిపాదన.

పురానాపూల్: స్థలము, పేరు

పురానాపూల్ మూసీ నదిమీద కట్టిన మొదటి వంతెన. ఇబ్రహీం కుతుబ్ షా పరిపాలనలో 1578లో పూర్తయింది. చార్మినారు నిర్మాణం 1591 నాటిది. అంటే నగరానికంటె వంతెన పెద్దది. దీనిని కట్టించిన రాజును తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీ సంవరణోపాఖ్యానము’ను ఆయనకే అంకితమిచ్చాడు. వంతెన పేరులో సగం, ‘పురానా’, సంస్కృత మూలం గలది. మిగతా సగం, ‘పుల్’, పారశీక పదం. రెండు భాషలు కలిస్తేనే ఆ పేరు పూర్తవుతుంది.

నేడు వాహనాలు ప్రక్కనున్న కొత్త వంతెనమీద పోతాయి. పాత వంతెనను కూరగాయల అంగళ్లవారు ఆక్రమించుకున్నారు. ఒక ప్రక్క ధూల్‌పేట, మరొక ప్రక్క కార్వాన్, నది దాటితే హుస్సేనీ ఆలం. అల్లర్లు వచ్చినప్పుడెల్లా వార్తలలో వినిపించే పేర్లే ఇవి. 1990 డిసెంబరులో పాతబస్తీలో జరిగిన అల్లర్లలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ ఆ అల్లర్లను ఆధారం చేసుకొని ‘ద కలర్స్ ఆఫ్ వయొలెన్స్’ అనే గ్రంథాన్ని 1996లో ప్రచురించారు. అందుకోసం ఆయన పార్దీవాడలోని పార్దీ కుటుంబాలతోను, కార్వాన్‌లోని ముస్లిము కుటుంబాలతోను మాట్లాడారు. అల్లర్ల కాలంలో ఏ పని తప్పు, ఏది కాదు అని రెండు వైపులవారినీ అడిగారు. శాంతికాలంలో తప్పనుకున్న పనిని అల్లర్ల రోజుల్లో జనం వేరే కొలతతో కొలుస్తారన్న సంగతి ఆ పుస్తకం చదివిన సంఘకాపరిని కలవరపెట్టకమానదు.

పదము పుట్టుక, దాని దారి

‘ఇంటర్‌నీసైన్’ లాటిన్ నుండి వచ్చింది. ‘నెకారే’ అంటే చంపుట. దాని ముందు చేరిన ‘ఇంటర్’ అనే ఉపసర్గను చూడగానే మనం ‘మధ్య’, ‘పరస్పరం’ అని అర్థం చేసుకుంటాము. ‘ఇంటర్నేషనల్’ వంటి మాటల అలవాటు అది. కాని ఈ పదంలో దాని పని అది కాదు. ‘పూర్తిగా’, ‘తుదముట్టా’ అని క్రియకు బలం చేకూర్చడమే ఇక్కడ దాని పని. కనుక మూలంలో ఈ పదానికి ఒక్కడు మిగలకుండా చంపడం అనే అర్థమే ఉంది. ఎవరు ఎవరిని చంపారు, వారు లోపలివారా బయటివారా అన్న సూచన అందులో లేదు.

సెమినరీ విద్యార్థులకు దీనికి సాక్ష్యం దగ్గరలోనే ఉన్నది. వల్గేటు లాటిన్ బైబిలులో యెహోషువ 10:20 దగ్గర ఈ కుటుంబానికే చెందిన ‘ఇంటర్నెకియో’ అనే నామవాచకం కనిపిస్తుంది. అక్కడ సంహారానికి గురియైనవారు కనాను రాజుల సైన్యాలు, అనగా ఇశ్రాయేలుకు బయటివారు.

ఇంగ్లీషులో ఈ పదాన్ని 1663లో శామ్యూల్ బట్లర్ తన ‘హ్యూడిబ్రాస్’ కావ్యంలో, లాటిన్ వాడుకను అనుసరించి, ఘోర సంహారయుద్ధం అనే అర్థంలోనే వాడాడు. తరువాత 1755లో వెలువడిన తన ప్రఖ్యాత నిఘంటువులో డాక్టర్ శామ్యూల్ జాన్సన్ ‘ఇంటర్’ను ‘పరస్పరం’గా గ్రహించి, ఒకరినొకరు నాశనం చేసుకోజూచుట అని అర్థం వ్రాశాడు. నిఘంటువుకున్న గౌరవంవలన ఆ అర్థమే స్థిరపడింది. ఒకరినొకరు చంపుకొనేవారు సాధారణంగా ఒకే గుంపులోని వారై ఉంటారు గనుక క్రమేణా ‘ఒకే సమూహంలోని కలహం’ అనే మూడవ అర్థం వచ్చి చేరింది. నేడు రాజకీయ పక్షాల అంతర్గత తగాదాలకు కూడ ఈ పదాన్ని వాడుతున్నారు; అక్కడ ఎవరూ చావనక్కరలేదు.

జాన్సన్ పొరపాటును ఎత్తిచూపి పదాన్ని వెనుకటి అర్థానికి మళ్లించాలన్నది మా ఉద్దేశం కాదు. వాడుకే భాషకు న్యాయాధిపతి. అయితే ఈ పొరపాటువలన ఒక మేలు జరిగిందని మా అభిప్రాయం. చావు, ఇల్లు – ఈ రెండు భావాలు ఒకే పదంలో చేరాయి. మా విద్యార్థులలో కొందరు చావును మాత్రమే అనువదించారు. కొందరు ఇంటిని మాత్రమే అనువదించారు. మూడవ గుంపువారు రెండింటినీ వదలి ‘మతం’ అన్నారు. ఈ మూడవ అనువాదమే అన్నిటికంటె ఎక్కువ పరీక్షింపదగినది.

‘కమ్యూనల్’తో పోలిక

మన దేశంలోని ఇంగ్లీషు పత్రికలు పాతబస్తీ హింసకు ‘ఇంటర్‌నీసైన్’ అని అరుదుగా, ‘కమ్యూనల్’ అని తరచుగా వ్రాస్తాయి. ‘కమ్యూనల్’కు మూలం ‘కమ్యూనిస్’ అనే లాటిన్ మాట. ఉమ్మడియైనది, అందరిదీ అయినది అని దాని అర్థం. మనం ‘హోలీ కమ్యూనియన్’ అని పిలుచుకునే ప్రభుభోజనపు పేరు కూడ ఆ కుటుంబంలోనిదే. ఇతర దేశాలలో ‘కమ్యూనల్’ వంటగది అంటే అందరూ కలిసి వండుకునే చోటు. మన దేశంలో మాత్రం అదే మాట, కలిసి ఉండలేకపోవడానికి పేరైంది.

ఈ మార్పు దానంతట అది జరిగినది కాదు. జ్ఞానేంద్ర పాండే 1990లో ప్రచురించిన గ్రంథంలో, ‘కమ్యూనలిజం’ అనే భావన వలస పాలకుల పరిపాలనా దృష్టిలో ఏ విధంగా రూపొందిందో ఉత్తర భారత ఉదాహరణలతో చూపించారు. జనాన్ని మతసమూహాలుగా లెక్కించి, ప్రతి కలహాన్నీ ఆ సమూహాల మధ్య ఎప్పటినుండో ఉన్న వైరంగా వ్రాసుకోవడం ఆ దృష్టి లక్షణం. 1909 చట్టం ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చింది. 1932 ఆగస్టులో బ్రిటీషు ప్రభుత్వం ప్రకటించిన ‘కమ్యూనల్ అవార్డు’ ఆ ఏర్పాటును విస్తరించింది. అందులో ప్రత్యేక స్థానాలు పొందిన సమూహాలలో భారతీయ క్రైస్తవులు కూడ ఉన్నారన్న సంగతిని మన సంఘ చరిత్ర పాఠాలలో తరచుగా దాటవేస్తాము. పాతబస్తీలో గొడవ జరిగినప్పుడు ‘అది ఆ రెండు మతాలవారి గొడవ’ అని మనం ప్రార్థనలో అంటాము. ఆ మాటతో మనం మూడవ మనిషిగా గట్టుమీద నిలుచుంటాము. చరిత్ర మనకు ఆ గట్టును ఇవ్వలేదు.

‘మతఘర్షణ’ అనే తెలుగు మాటలో ఇంకొక చిక్కు ఉంది. అందులో కొట్టుకునేవి మతాలు, మనుషులు కనబడరు. ఎవరు రాయి విసిరారు, ఎవరి దుకాణం తగలబడింది, వదంతిని ఎవరు మోసుకొచ్చారు అన్న ప్రశ్నలు ఆ మాటలో మునిగిపోతాయి. పాతబస్తీ ఉర్దూలో దీనికి ‘ఫసాద్’ అంటారు. చెడిపోవుట, క్షీణించుట అనే భావం గల అరబీ ధాతువునుండి ఆ పదం వచ్చింది. ఏ రెండు పక్షాలు కొట్టుకున్నాయని అది చెప్పదు. అందరికీ చెందిన ఒక క్రమం పాడైపోయిందని చెబుతుంది. పెద్ద పండితుల మాటకంటె గల్లీలోని ఈ మాట సత్యానికి దగ్గరగా ఉన్నదని మాకు తోస్తుంది.

న్యాయాధిపతుల గ్రంథము: బయటి మాట లోపలికి

‘ఇంటర్‌నీసైన్’ పదం బయటి శత్రువు సంహారంనుండి ఇంటిలోని కలహానికి ప్రయాణించింది. న్యాయాధిపతుల గ్రంథం చదివితే ఇశ్రాయేలు కూడ అదే దారిని నడిచినట్లు కనబడుతుంది.

పదకొండవ అధ్యాయంలో యెఫ్తా అమ్మోనీయులతో యుద్ధం చేశాడు, వారు బయటివారు. పండ్రెండవ అధ్యాయంలో ఎఫ్రాయిమీయులు తమను పిలువలేదని అలిగి వచ్చారు. అక్కడినుండి సోదరుల మధ్య యుద్ధం. ఓడిపోయి యొర్దాను రేవు దాటి ఇంటికి పోవాలనుకున్న ప్రతివానిచేత గిలాదీయులు ‘షిబ్బోలెతు’ అని పలికించారు. ‘సిబ్బోలెతు’ అన్నవానిని అక్కడే చంపారు. చనిపోయినవారు నలువదిరెండు వేలమంది. ఒక నది, ఒక దాటుచోటు, ఒక మాట. అల్లర్ల రోజులలో పేరడిగి, వేషం చూచి మనిషిని ఇటు అటు తేల్చే నగరంలో ఉన్నవారికి ఈ వాక్యభాగానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఇరువదవ అధ్యాయం మరింత సూక్ష్మంగా చదువవలసినది. గిబియాలో జరిగిన ఘోరానికి శిక్షగా గోత్రాలన్నీ బెన్యామీనుమీదికి లేచాయి. 18వ వచనంలో వారు దేవుని అడిగిన ప్రశ్న, బెన్యామీనీయులతో యుద్ధానికి ముందు ఎవరు పోవాలి అన్నది మాత్రమే. ఆ ప్రశ్నలో ‘సహోదరుడు’ అనే మాట లేదు. మొదటి దినాన ఇశ్రాయేలీయులు ఇరువదిరెండు వేలమంది కూలారు. అప్పుడు 23వ వచనంలో ఏడుస్తూ అడిగిన ప్రశ్నలో మొదటిసారి బెన్యామీను ‘సహోదరుడు’ అయ్యాడు. మరునాడు పదునెనిమిది వేలమంది చనిపోయారు. 28వ వచనంలోను ఆ మాట నిలిచింది. సహోదరుడు అన్న మాట జ్ఞాపకం రావడానికి వారికి ఇరువదిరెండు వేల శవాలు కావలసివచ్చింది. జ్ఞాపకం వచ్చిన తరువాతనైనా యుద్ధం ఆగలేదు. చివరకు బెన్యామీనులో అరణ్యానికి పారిపోయిన ఆరువందలమంది పురుషులే మిగిలారు.

ఇక 21:11లో యాబేష్గిలాదు పట్టణంమీద ప్రయోగించిన హెబ్రీ క్రియ ‘హేరెం’ ధాతువునుండి వచ్చింది. యెరికోమీద, కనాను పట్టణాలమీద యెహోషువ గ్రంథం వాడిన మాట అదే. యాబేష్గిలాదు కనానీయుల పట్టణం కాదు, ఇశ్రాయేలు పట్టణమే. బయటివానిని నిర్మూలం చేయడానికి నేర్చుకున్న మాట ఎల్లకాలం బయటనే ఉండదని గ్రంథకర్త చూపుతున్నాడు. నేడు ‘వాళ్లు’ అని ఒక పేటవారిని గురించి మాట్లాడడం అలవాటైన నాలుక రేపు సొంత సంఘంలోని ఇంకొక పేటవారిని కూడ ‘వాళ్లు’ అంటుంది.

‘కక్షలు’ అనే మన అనువాదము

తెలుగు బైబిలులో 1 కొరింథీ 1:10లోను 11:18లోను ‘స్కిస్మ’ అనే గ్రీకు మాటకు ‘కక్షలు’ అని ఉంది. గలతీ 5:20లో వేరొక గ్రీకు పదమైన ‘ఎరితెయ’కు కూడ ‘కక్షలు’ అనే వ్రాశారు. అనువాదకుల కాలంలో అది తగిన మాటే. ‘కక్షి’, ‘కక్షిదారుడు’ అనే న్యాయస్థానపు మాటలలో ఆ చుట్టరికం నేటికీ వినిపిస్తుంది. పక్షం, వైపు అని వాటి భావం. అయితే నేటి వాడుకలో ‘కక్ష’ అంటే పగ. రాయలసీమ పల్లెల చరిత్ర తెలిసిన విశ్వాసికి ఆ మాట వినగానే వేటకొడవళ్లు, నాటుబాంబులు జ్ఞాపకం వస్తాయి. ఇక్కడ తెలుగు పదం కూడ ఒక ప్రయాణం చేసింది; పక్షంనుండి చావు వరకు.

ఫలితమేమి? కొరింథు సంఘంలో కక్షలున్నాయని చదివినప్పుడు మన సంఘస్థులు ‘మాలో ఎవరూ ఎవరినీ నరుకలేదు గదా’ అని తృప్తిపడతారు. కాని పౌలు 11వ అధ్యాయంలో వర్ణించినది హత్య కాదు. ఒకే బల్ల దగ్గర ఒకడు ఆకలిగా ఉండగా మరొకడు తిని త్రాగి మత్తుడయ్యాడు. మన సంఘాలలో కులాన్నిబట్టి ఎన్నికల ప్యానెళ్లు ఏర్పడడం, సంఘ ఆస్తుల విషయమై విశ్వాసులు కోర్టులలో కక్షిదారులుగా నిలువడం, ఒకే గ్రామంలో రెండు పేటలకు రెండు ఆరాధనలు జరగడం – ఇవి పౌలు చెప్పిన దానికి దూరమైనవా? ‘అభిప్రాయభేదాలు’ అని మెత్తగా అంటే ఇంటి సంగతి మిగిలి, చావు సంగతి మాయమవుతుంది. ‘కక్షలు’ అంటే చావు సంగతి మిగిలి, ఇంటి సంగతి మాయమవుతుంది. రెండింటినీ పట్టుకునే మాట కావాలి.

గ్రీకులో అటువంటి మాట ‘స్టాసిస్’. నిలుచుట అనే ధాతువునుండి వచ్చి, ఎదురు నిలుచుట, ఒకే పట్టణంలోని జనం రెండై తిరగబడుట అని అర్థమిచ్చింది. లూకా 23:19లో బరబ్బ చేసిన అల్లరికి, అపొ. కార్యములు 23:7లో పరిసయ్యుల సద్దూకయ్యుల కలహానికి ఒకే మాట ఇది. గ్రీకు చరిత్రకారుడు థ్యుసిడిడీస్ కొర్కైరా పట్టణంలోని ‘స్టాసిస్’ను వర్ణిస్తూ, ఆ రోజులలో మాటల అర్థాలే తారుమారయ్యాయని వ్రాశాడు. మొదటి శతాబ్దపు చివర రోమా సంఘం కొరింథు సంఘానికి వ్రాసిన పత్రిక, మనం క్లెమెంతు మొదటి పత్రిక అని పిలిచేది, ఈ ‘స్టాసిస్’ను గురించే. సంఘంలోని తగాదాకు, వీధిలోని అల్లరికి ఆ తొలి క్రైస్తవులు వేరు వేరు మాటలు వెదకుకోలేదు.

ఒక అభ్యంతరము

‘ఇంటి గొడవ’ అనే పేరు కూడ అపాయకరమే కదా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ అభ్యంతరం న్యాయమైనది. హైదరాబాదు చరిత్రే దానికి ఉదాహరణ. 1948 సెప్టెంబరు 13నుండి 17వరకు భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో జరిపిన చర్యకు ‘పోలీసు చర్య’ అని పేరు వచ్చింది. పోలీసు అనేది ఇంటిలోపలి మాట. నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా సమితికి ఫిర్యాదు చేసిన సమయంలో, ఇది దేశం లోపలి సంగతి అని చెప్పడానికి ఆ పేరు ఉపకరించింది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలవలన పల్లెలు నలిగిపోయాయి. చర్య జరిగిన దినాలలోను తరువాతను జిల్లాలలో జరిగిన సంహారంలో, కేంద్ర ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం, 27,000 నుండి 40,000 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. సెప్టెంబరు 17ను విమోచనమనాలా, విలీనమనాలా, సమైక్యత అనాలా అని నేటికీ వాదులాడుకుంటూనే ఉన్నాము. ఆ పేర్లలో ఏ ఒక్కదానిలోను చనిపోయినవారి లెక్క లేదు.

కాబట్టి ‘ఇది మన ఇంటి సంగతి’ అన్న మాటను రెండు విధాలుగా పలుకవచ్చు. బయటివారు చూడకుండా తలుపు వేయడానికి పలుకవచ్చు. చనిపోయినవాడు మనవాడే గనుక లెక్క అడగడానికి పలుకవచ్చు. కయీనును దేవుడు అడిగిన ప్రశ్న రెండవ విధమైనది. ‘ఇంటర్‌నీసైన్’లోని చావు అనే సగాన్ని వదలకూడదని మేము పట్టుబట్టడానికి కారణం ఇదే. ఆ సగాన్ని వదలిన ‘అంతర్గతం’ తలుపు వేసే మాటగా మారిపోతుంది.

ముగింపు

ఆ తరగతిలో చివరకు మేము ఒప్పుకున్న అనువాదం ‘ప్రాణాంతకమైన అంతఃకలహం’. నోటికి కొంచెం బరువైన మాటే. ప్రసంగంలో ‘ఇంటివారే ఒకరినొకరు చంపుకున్నారు’ అని తేటగా చెప్పినా చాలును.

సంఘకాపరులైన సహోదరులకు, సహోదరీలకు మా మనవి మూడు మాటలు. పాతబస్తీలో గాని మరెక్కడ గాని అల్లర్లు జరిగిన ఆదివారం, ‘రెండు మతాలవారి గొడవ’ అనే మాటను ప్రార్థనలోనుండి తీసివేయండి. చనిపోయినవారిని వైపులుగా విడదీయక ఒకే లెక్కగా దేవుని యెదుట చెప్పండి. మన సంఘంలోని తగాదాను గురించి మాట్లాడేటప్పుడు, వీధిలోని అల్లరికి వాడే మాటకంటె మెత్తని మాట వాడకండి.

మూసీ 1908 సెప్టెంబరు 28న పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ తరువాత నగరం వంతెనలు బాగుచేసుకొని ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో నదికి ఎగువన 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ కట్టుకుంది. వరద వచ్చినప్పుడు పురానాపూల్ దగ్గర నిలుచుండి చేయగలిగింది బహు కొంచెమే. చేయవలసిన పని ఎగువన ఉంటుంది. అల్లరి విషయంలో ఎగువ అంటే, గొడవలేని రోజులలో మనం ఇరుగుపొరుగును గురించి వాడే మాటలు. అక్కడ పనిచేయడం సంఘకాపరికి ప్రతి ఆదివారం చేతనైన పనే. ఇశ్రాయేలీయులు ‘సహోదరుడు’ అనే మాటను 23వ వచనంలో పలికారు. మన సంఘాలు దానిని 18వ వచనంలోనే పలుకుటకు ప్రభువు సహాయం చేయునుగాక.